శిలల నుంచి సాగరానికి: ఆచార్య మహాదేవన్ జీవితం

కొండగట్టు అంజన్నను దర్శించే భక్తులలో సముద్రలంఘన కథ తెలియనివారు ఉండరు. కాని ఆ గుట్ట చుట్టుపట్ల పల్లెలలో పుట్టి పెరిగినవారిలో సముద్రాన్ని కన్నులారా చూసినవారు ఒకప్పుడు బహు కొద్దిమంది. అక్కడి నుంచి ఏ దిక్కుగా బయలుదేరినా మూడు వందల కిలోమీటర్లు దాటనిదే ఉప్పునీరు కానరాదు. అందుచేతనే కాబోలు, సముద్రశాస్త్రం అనగానే అది తీరవాసుల విద్య అనీ, మెట్టసీమ విద్యార్థికి దానితో పని లేదనీ తలచుట పరిపాటి అయినది. ఈ తలంపు సరికాదని చెప్పడానికి పెద్ద వాదాలు అక్కరలేదు. ఆచార్య సి. మహాదేవన్ జీవితాన్ని ఒకమారు పరికిస్తే చాలును.

మహాదేవన్ నావికుడు కాడు. ఆయన చదువు సముద్రంతో ఆరంభం కాలేదు. రాళ్లనూ, బొగ్గునూ, ఖనిజాలనూ పరీక్షించుటలో యౌవనమంతా గడిపిన శిలాశాస్త్రజ్ఞుడు ఆయన. హైదరాబాదు సంస్థానపు మెట్టభూములలో ఏండ్ల తరబడి తిరిగి, నడివయస్సులో వాల్తేరు చేరి, తెలుగుదేశంలో సముద్రశాస్త్రమనే నూతన విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యుడైనారు. ఆయన మరణించిన మరుసటి ఏట బంగాళాఖాతపు అడుగున కనుగొన్న ఒక లోయకు ఆయన పేరు పెట్టారు. మెట్టనేలకూ సముద్రపు అడుగుకూ నడుమ ఇంతటి చుట్టరికం ఎట్లు కలిగినదో తెలుసుకొనుట విద్యార్థులకు ఉపయోగకరం.

గురుకులవాసం

కలమూర్ మహాదేవన్ 1901లో జన్మించారు. ఆయన యౌవనకాలంలో మన దేశపు యువకునికి భౌతిక విజ్ఞానంలో పరిశోధన చేయవలెనన్న కోరిక కలిగితే ముఖ్యమైన దారులు రెండు ఉండేవి. ఒకటి ఓడనెక్కి విదేశాలకు పోవుట. రెండవది కలకత్తా నగరంలోని బౌబజారు వీధిలో మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన విజ్ఞాన పరిషత్తును ఆశ్రయించుట. ఆ పరిషత్తులో ఆనాడు చంద్రశేఖర వెంకటరామన్ దీక్షగా పరిశోధనలు సలుపుతూ ఉండేవారు. దక్షిణదేశం నుంచి అనేక యువకులు ఆయన చెంత చేరారు. వారిలో మహాదేవన్ ఒకరు.

రామన్‌కు సముద్రంతో గల పరిచయం ఇక్కడ స్మరించదగినది. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడచినది. తండ్రి అక్కడి కళాశాలలో అధ్యాపకుడు. 1921లో ఇంగ్లండు వెళ్లి తిరిగి వచ్చునప్పుడు మధ్యధరా సముద్రపు గాఢమైన నీలివర్ణం రామన్ మనస్సును ఆకర్షించినది. ఆకాశపు నీలిమ నీటిలో ప్రతిఫలించుట వలననే సముద్రం నీలంగా కనబడుతున్నదని అంతవరకు పెద్దలు చెప్పిన మాట. రామన్ ఓడమీదనే ఒక చిన్న స్ఫటిక పరికరంతో నీటి ఉపరితలం నుంచి ప్రతిఫలించే కాంతిని తొలగించి చూశారు. అప్పుడు కూడా సముద్రం నీలంగానే ఉన్నది. కనుక ఆ రంగుకు మూలం నీటి అణువులే కాంతిని చెదరగొట్టుటలో ఉన్నదని ఆయన నిర్ణయించారు. బొంబాయి రేవు చేరునాటికే ఆ వ్యాసం సిద్ధమైనది. ఆ ప్రశ్నను వెంబడించిన పరిశోధనయే 1928లో రామన్ ఫలితానికీ, 1930లో నోబెల్ బహుమానానికీ దారి తీసినది.

ఇట్టి గురువు వద్ద శిష్యుడు నేర్చుకొన్నది ఒకే ఒక శాస్త్రం కాదు. కంటి ఎదుట ఉన్న వస్తువును, అది నీరు కానీ రాయి కానీ, సూటిగా ప్రశ్నించే పద్ధతిని నేర్చుకొన్నాడు. భౌతికశాస్త్రం నేర్పిన పరికరాలను మహాదేవన్ రాళ్లమీదికి మళ్లించారు. కార్డియరైటు అనే ఖనిజాన్ని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే అందులో అక్కడక్కడ చిన్న చిన్న పసుపుపచ్చని వలయాలు కనబడతవి. ఆ వలయాల నడుమ రేడియోధార్మికత గల ఇసుమంత రేణువు దాగి ఉంటుంది. యుగాల తరబడి దాని నుంచి వెలువడిన కిరణాలు చుట్టునున్న ఖనిజపు రంగును మార్చి ఆ గుర్తును మిగిల్చినవి. ఈ వలయాలను గురించి మహాదేవన్ వ్రాసిన వ్యాసం 1927లో ప్రకటితమైనది. పిమ్మట ఆయన ఎక్స్‌రే కిరణాలతో బొగ్గును పరీక్షించారు. కంటికి నల్లగా, ఒకే తీరుగా కనబడే బొగ్గుపెళ్లలో నిగనిగలాడే పొర వేరు, మసకబారిన పొర వేరు. ఆ పొరల లోపలి అణువుల అమరికలో గల భేదాన్ని కిరణాల ద్వారా పట్టుకొనుటకు ఆయన ప్రయత్నించారు. మన దేశంలో ఈ విధమైన పరిశోధన అప్పటికి కొత్త.

షాబాదు బండలోని సముద్రం

తరువాత మహాదేవన్ హైదరాబాదు సంస్థానపు భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగించారు. ప్రయోగశాల మేజాను విడిచి, గుట్టలనూ వాగులనూ వెంబడి నడిచే జీవితం అది. సంస్థానంలో అనేక తాలూకాలు వానకు ముఖం వాచిన మెట్టప్రాంతాలు. ఏ రాయి కింద నీరు పడుతుంది, ఏ నేలలో ఖనిజం ఉన్నది, ఏ బండ కట్టడాలకు పనికి వస్తుంది అన్నవి ప్రజల అన్నపానీయాలకు సంబంధించిన ప్రశ్నలు.

ఆయన సంస్థానంలో కావించిన పనులలో గుల్బర్గా జిల్లా పడమటి భాగాలలోని భీమా శిలలను గురించిన అధ్యయనం ముఖ్యమైనది. ఈ పేరు విన్నప్పుడు పాఠకునికి అది ఏదో దూరపు సంగతి అనిపించవచ్చును. కాని ఆ శిలలు తెలంగాణంలో ప్రతి ఇంటికీ చుట్టాలే. మన ఇండ్లలో, బడులలో, చావడులలో నేలమీద పరచిన షాబాదు బండలూ, తాండూరు బండలూ ఆ శ్రేణికి చెందిన సున్నపురాళ్లే. భూమిమీద ఇంకా చేపయైనా పుట్టని పురాతన కాలంలో అక్కడ లోతు తక్కువ గల సముద్రం ఉండినది. ఆ సముద్రపు అడుగున పొరపొరగా దిగిన సున్నపు బురదయే గట్టిపడి ఈనాడు మన కాళ్లకింద చల్లగా ఉండే బండ అయినది. బండ సులభంగా పలకలు పలకలుగా విడివడుటకు కారణం, అది పొరలు పొరలుగా పేరుకొనుటయే.

అనగా మహాదేవన్ సముద్రంతో తొలిపరిచయం చేసికొన్నది వాల్తేరు తీరాన కాదు, దక్కను పీఠభూమి నడుమనే. రాతిని చదివే వానికి సముద్రం కొత్త ప్రదేశం కాదు. నిన్నటి సముద్రపు అడుగు నేటి కొండ. నేటి కొండ అరిగి రేపటి సముద్రపు అడుగుకు చేరుతున్నది. ఈ రాకపోకలను గ్రహించినవానికి నేల, నీరు అనే భేదం శాస్త్రంలో గోడగా నిలువదు.

వాల్తేరు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 ఏప్రిల్ 6వ తేదీన, విశాఖపట్నంమీద జపాను విమానాలు బాంబులు వేశాయి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలిపోయి, యుద్ధానంతరం 1946లో తిరిగి వాల్తేరు చేరినది. దాదాపు ఆ సంధికాలంలోనే మహాదేవన్ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర శాఖకు ఆచార్యుడై వచ్చారు. ఆ శాఖ అప్పటికి పసిబిడ్డ. దానిని పెంచి పెద్దచేసినది ఆయన.

వాల్తేరు కళాశాల భవనాల నుంచి దిగి నడిస్తే సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డున ఇసుక అంతటా ఒకే రంగున ఉండదు. కొన్నిచోట్ల నల్లని చారలు, కొన్నిచోట్ల ఎర్రని చారలు అలల తాకిడికి ఏర్పడుతూ చెరుగుతూ ఉంటవి. షికారుకు వచ్చినవారికి అది వినోదం. మహాదేవన్‌కు అది చదువవలసిన పుస్తకం. ఎర్రనివి గోమేధిక జాతి రేణువులు. నల్లనివి ఇల్మనైటు మొదలైన బరువు ఖనిజాలు. ఈ నల్లయిసుకలలో మోనజైటు అనే ఖనిజం కూడా ఉన్నదని, శిష్యుడైన శ్రీరామదాసుతో కలసి ఆయన 1948లో ప్రకటించారు. మోనజైటులో థోరియం ఉంటుంది. పరమాణు శక్తిని గురించి ప్రపంచమంతా ఆలోచించుచున్న రోజులవి. కనుక ఈ వార్తకు విలువ హెచ్చు.

ఈ రేణువులు ఎక్కడివి? విశాఖపట్నం వెనుకనున్న తూర్పు కనుమల శిలలలో ఇవి పుట్టినవి. వానలు కొండలను కడిగి, వాగులు వానిని మోసుకొని వచ్చి, అలలు జల్లెడపట్టినట్లు తేలికవానిని తొలగించి, బరువైనవానిని ఒడ్డున పేర్చినవి. కొండ చదువు ఒడ్డు వద్ద ముగియలేదు. ఒడ్డు దాటి ఆ రేణువులు ఎంత దూరం పోయినవి, ఎంత లోతున దిగినవి అన్న ప్రశ్న సహజంగానే తరువాత వచ్చినది. దానికి ఉత్తరం చెప్పవలెనంటే సముద్రంలోకి పోక తప్పదు.

ఓడలేని సముద్రశాస్త్రం

కాని పోవుట ఎట్లు? ఆనాటికి మన దేశంలో సముద్ర పరిశోధనకు ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ లేదు. విశ్వవిద్యాలయానికి సొంత పరిశోధన నౌక లేదు. పరికరాలు విదేశాల నుంచి రావలసినవే. అంతకంటే పెద్ద చిక్కు మరియొకటి ఉండినది. బి.ఎస్‌సి. పట్టం పుచ్చుకొన్న యువకుడు బడిపంతులు కావచ్చును, రెవెన్యూ కచ్చేరీలో చేరవచ్చును, రైల్వేలో ఉద్యోగం చూచుకొనవచ్చును. సముద్రశాస్త్రంలో మరి రెండేండ్లో నాలుగేండ్లో గడిపినవానికి తరువాత ఏ కొలువు దొరుకుతుందో చెప్పగలవారు లేరు. ఆ శాస్త్రం పేరుతో కొలువు ఏర్పడనే లేదు. కొడుకు చదువు ముగించి కుటుంబభారం ఎప్పుడు మోస్తాడా అని ఎదురుచూసే తల్లిదండ్రులకు ఇట్టి చదువును గురించి ఏమని నచ్చజెప్పవలెను? నూతన విద్యను ప్రారంభించే ఆచార్యునిమీద ఉండే భారం ఇదే. తాను నమ్మినందువలన మాత్రమే చాలదు. తన్ను నమ్మి వచ్చిన విద్యార్థుల బ్రతుకు కూడా ఆ పందెంలో ఉంటుంది.

ఇట్టి సమయంలో, 1952లో, ఫుల్‌బ్రైట్ పథకం క్రింద అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో పనిచేసి, అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో అనుభవం గడించినవాడు ఆయన. సముద్రంలో సేకరించిన కొలతలను ఏ విధంగా సరిచూచి, పట్టికలకు ఎక్కించి, అర్థం తీయవలెనో వివరించే కరదీపికను ఆయన అంతకు ముందటి ఏడే అమెరికాలో ప్రకటించి ఉన్నారు. విదేశీ ఆచార్యులు వచ్చి ఉపన్యాసాలిచ్చి పోవుట కొత్త గాదు. వచ్చినవాని విద్యను ఇక్కడి నేలలో నాటుకొని నిలుపుకొనగల శాఖ, విద్యార్థిబృందం ఉన్నప్పుడే ఆ రాక సార్థకమవుతుంది. మహాదేవన్ అట్టి శాఖను ముందే సిద్ధం చేసి ఉంచారు.

ఓడ లేని కొరతను భారత నౌకాదళం కొంతవరకు తీర్చినది. విశాఖ రేవులోని నౌకాదళపు ఓడలు విద్యార్థులనూ పరికరాలనూ ఎక్కించుకొని సముద్రంలోకి పోయేవి. అనువాటు లేని దేహానికి ఓడ ఊగుట పెద్ద శిక్ష. వాంతులు, తలతిప్పుట సహిస్తూనే, నిర్ణీతమైన చోటుకు చేరగానే లేచి, తీగకు కట్టిన సీసాలను లోతునకు దింపవలెను. ఆ సీసా కావలసిన లోతున మూతపడి అక్కడి నీటినే పట్టుకొని వస్తుంది. ఆ నీటిని పరీక్షించి ఉప్పదనం లెక్కకట్టాలి. సముద్రపు వేడిమిని కొలిచే మరియొక సాధనం ఆ రోజులలో ప్రసిద్ధం. అది చిన్న బాణం వంటి లోహపు గొట్టం. దానిలో ఒక సన్నని అద్దపు పలక ఉంటుంది. గొట్టం నీటిలో దిగుతున్నకొద్దీ ముల్లు ఒకటి ఆ పలకమీద గీత గీస్తుంది. లోతు ఒక దిక్కు, వేడిమి మరియొక దిక్కు. పైకి తీసి చూస్తే ఆ గీతలో సముద్రపు నాడి కనబడుతుంది. అడుగుమట్టిని పట్టి తెచ్చే దవడల వంటి సాధనాలు వేరే ఉండేవి. మన జాలరులు లోతును బారలలో లెక్కించే విద్య తరతరాలుగా ఎరుగుదురు. ఆ విద్యకే కాగితం, గీత, అంకె తోడైనవి.

సముద్రశాస్త్రం ఏ ఒక్క శాఖకూ చెందినది కాదు. నీటి కదలిక భౌతికశాస్త్రం. ఉప్పు, ప్రాణవాయువు రసాయనశాస్త్రం. నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం. అడుగున ఉన్న బురద భూగర్భశాస్త్రం. జంతుశాస్త్ర ఆచార్యుడు పి.ఎన్. గణపతి మొదలైనవారు ఆ దిక్కున కృషి చేస్తూ ఉండగా, మహాదేవన్ శిష్యులు అడుగుమట్టినీ, ఒడ్డు ఇసుకనూ చేపట్టారు. ఈ కృషి ఫలితాలు సముద్రశాస్త్ర స్మారక సంపుటాలుగా విశ్వవిద్యాలయం పక్షాన వెలువడినవి. మొదటి సంపుటం 1954లోను, రెండవది 1958లోను వచ్చినవి. పరదేశపు పత్రికల దయాదాక్షిణ్యాలకై వేచియుండక, తన పరిశోధనలను తానే ప్రకటించుకొనగల స్థితికి వాల్తేరు చేరినది.

తెలిసిన సత్యాలు

ఆ సంపుటాలలో తేలిన సత్యాలలో ఒకటి రెండు చెప్పుకొనుట అవసరం. వేసవికి ముందు మాసాలలో వాల్తేరు తీరాన దక్షిణపు గాలులు ఒడ్డు వెంబడి వీస్తవి. గాలి నీటిని తాను పోయే దిక్కుకే నెట్టుతుందని అనుకొంటాము. కాని భూమి తిరుగుట వలన మన అర్ధగోళంలో పైనీరు గాలికి కుడివైపుకు, అనగా ఒడ్డు నుంచి దూరంగా, పక్కకు జరుగుతుంది. ఖాళీ అయిన చోటును పూరించుటకు లోతు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. దానితోపాటు అడుగున నిలువయున్న పోషక లవణాలు పైకి వచ్చి, సూక్ష్మమైన మొక్కలు పెరిగి, వానిని తినే జీవులు పెరిగి, చివరకు చేపలు సమృద్ధి అవుతవి. ఈశాన్యపు గాలులు వీచే కాలంలో దీనికి విరుద్ధంగా పైనీరు ఒడ్డుకు చేరి కిందికి దిగుతుంది. లాఫాండ్ ఈ విషయాన్ని 1954లో వివరించారు. జాలరివాని వల నిండుటకూ, నిండకపోవుటకూ కొంత కారణం గాలిలో ఉన్నదన్నమాట.

రెండవది ఒడ్డును గురించినది. తూర్పుతీరాన అలల తాకిడి వలన ఇసుక ఏడాదిలో హెచ్చుభాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. విశాఖ రేవు నిర్మాణమప్పుడు ఈ ఇసుకను ఆపుటకు పాత ఓడలు రెండింటిని ముంచి అడ్డుకట్టగా నిలిపారు. అడ్డు వేసినచోట ఇసుక ఆగితే, దానికి ఉత్తరాన ఉన్న ఒడ్డుకు ఇసుక రాబడి తగ్గి, సముద్రం దానిని కోయసాగుతుంది. మహాదేవన్ విశాఖ ఒడ్డు ఎట్లు ఏర్పడినదో, ఎట్లు మారుచున్నదో పరిశీలించి రెండవ సంపుటంలో వ్రాశారు. మనిషి ఒకచోట పెట్టిన రాయి మరియొకచోట ఒడ్డును తినివేయగలదన్న పాఠం ఇందులో ఉన్నది.

మూడవది తెలంగాణపు పాఠకులకు మరీ సన్నిహితమైనది. గోదావరి సంగమానికి ఉత్తరాన, కాకినాడ ఎదుట, సముద్రంలోకి చొచ్చుకొని ఒక పొడుగాటి ఇసుకతిన్నె ఉన్నది. అది ఉత్తర దిక్కుగా పెరుగుతూ కాకినాడ అఖాతాన్ని చేయి చాపి కాచినట్లు కాస్తున్నది. ఈ తిన్నె పెరుగుటకు గల కారణాలను గురించి ప్రసాదరావుతో కలసి మహాదేవన్ వ్యాసం ప్రకటించారు. గోదావరి తెచ్చి పోసిన మేటను అలలు, ప్రవాహాలు ఉత్తరానికి నడిపి ఆ తిన్నెను కట్టినవి. ఆ మేట ఎక్కడిది? బాసర వద్ద, ధర్మపురి వద్ద, మంథని వద్ద, ప్రాణహిత కలిసే కాళేశ్వరం వద్ద, వానకాలపు ఎర్రనీటిలో కలసి పోయిన మన్ను అందులో ఉన్నది. కొండగట్టు చుట్టుపట్ల గుట్టల నుంచి అరిగిన రేణువు వాగులో పడి, గోదావరిని చేరి, ధవళేశ్వరం దాటి, సముద్రంలో తిన్నెయై తేలుటకు ఎన్ని ఏండ్లు పట్టునో గాని, దాని దారి మాత్రం ఒక్కటే. సంస్థానపు రాళ్లను చదివిన ఆచార్యుడే ఆ రాళ్ల పొడి చేరిన తిన్నెను కూడా చదివినాడు. ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. ఆయన చదివినది ఒకే గ్రంథంలోని మొదటి ప్రకరణం, తుది ప్రకరణం.

చివరి ఏండ్లు

1961లో మహాదేవన్ షష్టిపూర్తి జరిగినది. ఆ సందర్భాన శాస్త్రజ్ఞులు వ్యాసాలు కూర్చి, మహాదేవన్ సంపుటమనే పేరుతో ఆయనకు కానుక ఇచ్చారు. అది హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడుట ఎంతయు సముచితం. ఆయన ఉద్యోగ జీవితపు పూర్వార్ధం గడచినది ఆ నగరపు కొలువులోనే. ఆ సంపుటంలో తూర్పుతీరపు నీటి ఎగబాకుటను గురించి వ్రాసినవారిలో వి.వి.ఆర్. వరదాచారి ఒకరు. వాల్తేరులో సముద్రశాస్త్రాన్ని అభ్యసించిన ఆ పరిశోధకుడు తరువాతి కాలంలో గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు సంచాలకుడైనాడు. ఏ కొలువు దొరుకునో తెలియని చదువన్న అనుమానానికి కాలం ఇచ్చిన జవాబు ఇది.

1962లో మహాదేవన్ మరణించారు. అప్పటికి హిందూ మహాసముద్రాన్ని అనేక దేశాలు కలసి పరిశోధించే మహాప్రయత్నం ఆరంభమై ఉన్నది. అమెరికా అధ్యక్షుని విహారనౌకగా ఉండి, ఆ పనికై పరిశోధన నౌకగా మార్చబడిన ఆంటన్ బ్రూన్ అనే ఓడ 1963లో బంగాళాఖాతంలో సంచరించినది. ఆ యాత్రలో ప్రతిధ్వని సాధనంతో సముద్రపు అడుగును కొలుస్తుండగా, ఆంధ్రతీరానికి ఎదురుగా, నిస్సారమైన తీరపుతిన్నె ముగిసి లోతు హఠాత్తుగా దిగే చోట, అడుగును కోసుకొనిపోయిన లోతైన లోయలు బయటపడినవి. లాఫాండ్ వానిని గురించి 1964లో ప్రకటించిన వ్యాసంలో ఒకదానికి ఆంధ్ర లోయ అనీ, ఒకదానికి కృష్ణా లోయ అనీ, మరియొకదానికి మహాదేవన్ లోయ అనీ పేర్లు ఉన్నవి. సముద్రపు అడుగున కూడా బురదనీటి వరదలు వాలుగా పరుగెత్తి నేలను కోస్తవి. నదులు తెచ్చిన మన్ను అట్టి లోయల ద్వారా అగాధానికి చేరుతుంది. మట్టి ప్రయాణాన్ని కొండ నుంచి తీరం దాకా వెంబడించిన వ్యక్తి పేరు, ఆ ప్రయాణం అగాధంలోకి మళ్లే చోట నిలిచినది. మనుష్యులు చూడగల శిలావిగ్రహం కంటే ఆయనకు ఇది తగిన స్మృతిచిహ్నం.

తరువాతి కథ

ఆయన చూడక పోయిన ఫలాలు మరికొన్ని ఉన్నవి. 1966 జనవరి 1వ తేదీన జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఏర్పడినది. 1976లో గవేషణి, 1983లో సాగరకన్య అనే పరిశోధన నౌకలు మన దేశానికి సమకూడినవి. ఇతరుల ఓడలలో చోటు అడిగిన తరం పోయి, స్వంత ఓడలలో పయనించే తరం వచ్చినది. 1999లో జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఏర్పడినది. అది ఏర్పడిన నగరం ఏ రేవుపట్టణమో కాదు, సముద్రానికి బహుదూరాన గల హైదరాబాదు. 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన సునామీ తీరదేశాలను ముంచెత్తిన తరువాత, ముందస్తు హెచ్చరికల కేంద్రాన్ని 2007లో అక్కడనే నెలకొల్పారు. సముద్రపు అడుగున భూమి కదిలితే ఆ వార్త మెట్టనేల నడుమనున్న ఆ కేంద్రానికి చేరి, అక్కడి నుంచి తీరపు జాలరి పల్లెలకు పోతుంది. చేపలు దొరికే తావులను గురించిన సూచనలు కూడా అక్కడి నుంచే వెడలుతవి. సముద్రవిద్యకు సముద్రం కిటికీలో కనబడనక్కరలేదని ఇంతకంటే ఋజువు వేరే కావలెనా?

హెచ్చరికగా స్వీకరించవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నది. గోదావరిమీదను, దాని ఉపనదులమీదను ఆనకట్టలు పెరిగినకొద్దీ నది మోసుకొనిపోయే మన్ను జలాశయాలలోనే ఆగిపోతున్నది. 1970 దశాబ్దంలో ఏటా ఇంచుమించు 15 కోట్ల టన్నుల మేట దిగువకు చేరుచుండగా, 1990 దశాబ్దానికి అది 6 కోట్ల టన్నులకు లోబడినదని ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులే తెలిపినారు. మన్ను రాబడి తగ్గిన డెల్టా అంచులను సముద్రం కోయుచున్నది. జలాశయాల నీరు మెట్టసీమకు ప్రాణాధారం, సందేహం లేదు. కాని ఎగువ నిలిపిన మన్నుకు దిగువ ఒడ్డు వెల చెల్లించుచున్నదన్న సత్యాన్ని లెక్కలోనికి తీసికొనక తప్పదు. ఈ లెక్క కట్టుటకు కొండనూ, నదినీ, సముద్రాన్నీ కలిపి చదివినవారు కావలెను. మహాదేవన్ నడచిన దారి ఇంకా ముగియలేదన్నందుకు ఇది నిదర్శనం.

కరీంనగరం, ఆదిలాబాదు సీమల బడులలో చదివే విద్యార్థికి పట్టం పుచ్చుకొన్న తరువాత ఏ విద్యను అభ్యసించవలెనన్న ప్రశ్న ఒకనాడు ఎదురవుతుంది. సముద్రశాస్త్రం అతనికి దూరపు చుట్టంగా తోచవచ్చును. అట్టి విద్యార్థికి ఉపాధ్యాయులు చెప్పదగిన మాట ఒకటి ఉన్నది. ఆ విద్యకు కావలసినది తీరాన పుట్టుట కాదు. గణితంలోను, భౌతిక రసాయన శాస్త్రాలలోను గట్టి పునాది, కొలిచినదానిని ఉన్నదున్నట్లు వ్రాసే నిజాయతీ, ఓడ ఊగుతున్నా చేతిలోని పనిని విడువని ఓరిమి ఉంటే చాలును. ఈ గుణాలు ఏ ఊరి సొత్తూ కావు. బడి నేలమీద పరచిన షాబాదు బండను కొంచెం వంగి చూస్తే, ఆ విద్యకు సంబంధించిన మొదటి పాఠం అక్కడే కనబడుతుంది.